వేడి ఎక్కడికి పోతుంది?

మన తెలుగువాళ్ళకి చల్లదనం మీద వున్నంత మమకారం మరి దేనిమీదా వున్నట్టు కనిపించదు. పెద్దవాళ్ళకి దణ్ణం పెడితే "చల్లగా వుండమ్మా" అంటారు. మంచి మనిషిని గురించి చెప్పాల్సి వస్తే "చల్లని తల్లి" అంటాం. పిల్లలు వృద్ధిలోకి వస్తే "ఆవిడ కడుపు చల్లగా" అని సంతోషిస్తాం. చీకూ చింతా లేకుండా గడిచే బతుకుని "కడుపులో చల్ల కదలకుండా" అని వర్ణిస్తాం. అక్కడ చల్ల అంటే మజ్జిగే అనుకోండి, అదీ చల్లనిదే కదా! దేవుణ్ణి కూడా "చల్లగా చూడు స్వామీ" అనే అడుగుతాం. వేడి అనే మాట మాత్రం మన నోట కోపంతోనో, జ్వరంతోనో, గొడవతోనో కలిసి వస్తుంది.

చలిదేశాల వాళ్ళకి ఇది తారుమారు. వాళ్ళకి ఆప్యాయత అంటే వెచ్చదనం. ముభావంగా వుండేవాణ్ణి చల్లని మనిషి అంటారట. వాళ్ళ చలి వాళ్ళది. మే నెలలో, సముద్రం పక్కనే వుండి కూడా ఆకు కదలని విశాఖపట్నం మధ్యాహ్నంలో, చెమట ఆరక జాకెట్టు వీపుకి అంటుకుపోయి, పోపు వేస్తున్న ఇల్లాలి దగ్గరికి వెళ్ళి "మీకు మా వెచ్చని శుభాకాంక్షలు" అని చూడండి. ఆవిడ చేతిలో అట్లకాడ వుంటుందన్న సంగతి మాత్రం ముందే హెచ్చరిస్తున్నాను.

ఇంతకీ నాకు వచ్చిన సందేహం ఏమిటంటే, చల్లదనం అనేది అసలు ఒక వస్తువేనా అని. వేడి వుంది. అది నిజం. చల్లదనం అంటే ఆ వేడి అక్కడినుంచి పోవడం, అంతే. పోవడమంటే నశించడం కాదు, ఇంకొక చోటికి వెళ్ళడం. కుండలో నీళ్ళు చల్లబడ్డాయంటే, కుండ చెమర్చి, కొన్ని నీళ్ళు ఆవిరై ఆ వేడిని మోసుకుపోయాయన్నమాట. ఫ్రిజ్జు లోపల పెరుగు పులవకుండా వుందంటే, ఆ పెరుగులోంచి లాగిన వేడి వెనకవైపు గోడమీదకి కొడుతోందన్నమాట. కావాలంటే చెయ్యి పెట్టి చూడండి. వేడి తనంత తానుగా వేడిచోటు నుంచి చల్లని చోటికే పోతుందనీ, ఎదురు పంపాలంటే ఎవరో శ్రమపడాల్సిందేననీ 19వ శతాబ్దం నడుమ క్లాసియస్ అనే జర్మన్ శాస్త్రవేత్త సూత్రీకరించాడు. అంచేత ఎక్కడ చల్లగా వున్నా అడగవలసిన ప్రశ్న ఒకటి వుంది. ఆ వేడి ఎక్కడికి పోయింది? ఎవరిమీద పడింది? ఇది చూడటానికి సైన్సు పాఠంలో ప్రశ్నలా వుంటుంది గానీ, నా మటుకు నాకు ధర్మశాస్త్రంలో ప్రశ్నలా తోస్తుంది.

నా బుర్రలో ఈ పురుగుని దొలిపించినవాడు మా చెల్లెలి కొడుకు. ఇంజనీరింగు మూడో ఏడు చదువుతున్నాడు. కంప్యూటరు కొట్లో తయారుగా వున్నది కొనుక్కుంటే నామోషీ అని, విడివిడిగా సామాన్లన్నీ తెచ్చుకుని తనే బిగించుకున్నాడు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు ఈ మూడోదాన్ని ఎరగరు. బిగించడం అయింది, దీపాలు వెలిగాయి, మా చెల్లెలు కొబ్బరికాయ కూడా కొట్టింది. పదినిమిషాలు బాగానే నడిచింది. తర్వాత నత్తలా నడిచింది. ఆ తర్వాత పుటుక్కున ఆరిపోయింది. మళ్ళీ పెట్టడం, మళ్ళీ ఆరడం.

మా చెల్లెలు "కరెంటులో లోపం" అంది. వాళ్ళ అత్తగారు "దిష్టి" అన్నారు. కుర్రాడు మటుకు "ప్రాసెసర్ వేడెక్కిపోతోంది పెద్దమ్మా, ఇంకా పెద్ద ఫ్యాను కొనాలి" అని తేల్చేశాడు. కొనడంతో తీరని సమస్య లేదని వీళ్ళ తరం నమ్మకం.

ప్రాసెసర్ అంటే ఏమిటో తెలియని అక్కచెల్లెళ్ళకి రెండు ముక్కలు చెపుతాను. కంప్యూటరులో లెక్కలన్నీ కట్టేది అదే. అసలు పని జరిగే ముక్క మన బొటనవేలి గోరంత వుంటుంది. అంతటి దాంట్లోంచి, తీవ్రంగా పనిచేసేటప్పుడు, 65 వాట్లో అంతకంటే ఎక్కువో వేడి పుడుతుంది. మన చిన్నప్పటి 60 వాట్ల బల్బు గుర్తుందా? వెలుగుతున్నప్పుడు ముట్టుకుంటే వేలు కాలేది. ఆ బల్బు వేడంతా గోరంత చోట పుడుతుందనుకోండి! అందుకని దానిమీద అల్యూమినియం రేకులతో చేసిన దిమ్మ ఒకటి కూర్చోబెడతారు. దాన్ని హీట్ సింక్ అంటారు. దానిమీద చిన్న ఫ్యాను. ప్రాసెసరు వేడిని దిమ్మకి ఇస్తుంది, దిమ్మ రేకుల్లోకి పంచుతుంది, ఫ్యాను ఆ వేడిని గాలిలోకి తోలుతుంది. దిమ్మకీ ప్రాసెసరుకీ నడుమ సన్నగా ఒక లేపనం పూస్తారు. పైకి నున్నగా కనిపించినా రెండు లోహాల ముఖాలమీదా కంటికి ఆనని గుంటలుంటాయి. వాటిలో గాలి చేరితే వేడి దాటలేదు. లేపనం ఆ గుంటల్ని పూడుస్తుంది. ఇంత చేసినా వేడి 100 డిగ్రీల దరిదాపులకి వచ్చిందంటే ప్రాసెసరు తన్ను తాను కాపాడుకోడానికి ముందు పని నెమ్మది చేసుకుంటుంది. అప్పటికీ తగ్గకపోతే మొత్తం ఆపేస్తుంది.

మావారు ఉక్కు ఫ్యాక్టరీలో కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసి రిటైరయిన మనిషి. వేడి సంగతి ఆయనకి కొత్త కాదు. "కొనేముందు కొలవరా" అన్నారు. కుర్రాడు కొలత తెరమీద పెట్టాడు. 60, 75, 90, 98... జ్వరం చూసినట్టే చూశాం. తర్వాత ఒకదాని తర్వాత ఒకటి పరీక్షించారు. ఫ్యాను తిరుగుతోందా? తిరుగుతోంది. దాని వైరు పెట్టాల్సిన చోటే పెట్టాడా? పెట్టాడు. గాలి ముందునుంచి వచ్చి వెనకనుంచి పోతోందా? పోతోంది. అప్పుడు మావారు పెట్టె పక్కరేకు తీయించి, టేబుల్ ఫ్యాను తెచ్చి ఎదురుగా పెట్టించారు. గాలి చాలకపోవడమే జబ్బయితే ఇప్పుడు వేడి బాగా దిగాలి. దిగలేదు. రెండంటే రెండు డిగ్రీలు తగ్గింది.

"ఇప్పుడా దిమ్మమీద చెయ్యి పెట్టి చూడు" అన్నారు. వాడు భయపడుతూ ఫ్యానుకి తగలకుండా పక్క రేకుల్ని వేలితో తాకి, "అదేమిటి పెదనాన్నా, చల్లగా వుంది!" అన్నాడు. లోపల 98 డిగ్రీలు. దానిమీదే కూర్చున్న దిమ్మ చల్లగా వుంది.

"అదేరా జబ్బు" అన్నారాయన.

కరెంటు తీసేసి, ఆరాక విప్పి చూస్తే, దిమ్మని అదిమిపెట్టే నాలుగు మేకుల్లో ఒకటి, వైర్ల చాటున వున్నది, పూర్తిగా దిగలేదు. దిమ్మ ఒకవైపు వెంట్రుకవాసి పైకి లేచి వుంది. లేపనం సగం మేరే అంటింది. పాతది స్పిరిటూ దూదితో తుడిచి, కందిగింజంత కొత్తది పెట్టి, మేకులు ఎదురెదురు మూలల చొప్పున "టక్" మనేదాకా నొక్కాడు. అంతే. గంటసేపు పనిచేయించినా 68 దాటలేదు. ఈసారి రేకులు తాకి "ఇప్పుడు వెచ్చగా వుంది పెద్దమ్మా!" అని గంతేశాడు. దిమ్మ వెచ్చబడటమే ఆరోగ్యం అన్నమాట. పక్కనున్నది మరీ చల్లగా వుందంటే అనుమానించాలన్నమాట.

ఆ మాట నన్ను పట్టుకుని వదల్లేదు. ఎందుకంటే అలాంటి చల్లని దిమ్మ మా బంధువుల ఇంట్లోనే ఒకటుంది.

మా పెద్దొదిన పేరు చెపితే చుట్టాలందరూ "ఆవిడా! చల్లని తల్లి" అంటారు. నలభై ఏళ్ళ సంసారంలో గొంతు పైకి లేవగా విన్నవాళ్ళు లేరు. పోయినేడు వేసవిలో ఆవిడ నెమ్మదించడం మొదలుపెట్టింది. పులుసులో ఉప్పు రెండుసార్లు పడేది, లేకపోతే అసలు పడేది కాదు. పిలిస్తే రెండో పిలుపుకి గానీ పలికేది కాదు. "వయసు" అన్నారందరూ. ఒకరోజు పొద్దున్న స్టవ్ దగ్గర కూలబడిపోయింది. ఆసుపత్రిలో చూస్తే రక్తపోటు ఎక్కడో వుంది. తీరా తేలిందేమిటంటే, పెద్దకొడుకు వ్యాపారంలో అప్పులపాలై మూడేళ్ళుగా తల్లికి మాత్రమే చెప్పుకుంటున్నాడు. ఆవిడ తన గాజులు, గొలుసు ఒకటొకటే ఇచ్చి, వడ్డీలు కట్టించి, గిల్టువి వేసుకుని తిరుగుతోంది. "చెపితే ఆయన తట్టుకోలేరు కదమ్మా" అంది నాతో, మంచంమీద పడుకుని.

మా అన్నయ్య మంచివాడు. అరిచేవాడు కాదు, చెయ్యెత్తేవాడు అసలే కాదు. బయట వరండాలో కూర్చుని "నాకేం తెలుసే? ఇల్లు చల్లగానే వుంది కదా అనుకున్నాను" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. నిజంగానే ఆయనకి చల్లగానే వుంది. పక్కమనిషి లోపల 98 డిగ్రీలుంటే, వెంట్రుకవాసి ఎడంలో కూర్చున్నాయన చల్లగా వున్నాడు. ఇద్దరిదీ దుర్మార్గం కాదు. ఒక మేకు దిగలేదు, అంతే.

మరి ఓర్పు గుణం కాదా అంటారు మీరు. కాదని నేను ఎలా అంటాను? ఓర్పు లేకపోతే మన ఇళ్ళలో ఏదీ నిలబడేది కాదు. కానీ ఓర్పుని మనం ఒక విచిత్రమైన కొలతతో కొలుస్తాం. బయటికి వేడి తెలియకుండా వుంటే చాలు, అది ఓర్పు. లోపల ఎంత పేరుకుంటోందో ఎవరూ అడగరు. ప్రాసెసరు నెమ్మదిస్తే దానికి రోషం లేదని ఎవరూ తిట్టరు, ఏదో వేడెక్కిందని పెట్టె విప్పి చూస్తారు. ఇల్లాలు నెమ్మదిస్తే వయసైందంటారు, బద్ధకమంటారు, సీరియల్ పిచ్చి అంటారు. ఇంకోమాట. గది 33 డిగ్రీలుంటే ఎంత పెద్ద ఫ్యాను పెట్టినా ప్రాసెసరు 33కి దిగువకి రాదు. చుట్టూ వున్న గాలికంటే చల్లబరచడం ఫ్యాను తరం కాదు. ఇల్లంతా సెగలు కక్కుతూ ఇల్లాలు మాత్రం చల్లగా వుండాలనడం కూడా ఇంతే.

అయితే చల్లని దిమ్మలకి బుద్ధి చెప్పడంతో ఈ లెక్క తెగదు. "అణుచుకోకు, వెళ్ళగక్కు" అని ఈ రోజుల్లో సలహా ఇచ్చేవాళ్ళు చాలామంది వున్నారు. వెళ్ళగక్కితే ఎక్కడ పడుతుంది? అత్తమీద కోపం దుత్తమీద అని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఆఫీసులో పెద్దదొర చిన్నదొరమీద, చిన్నదొర గుమాస్తామీద, గుమాస్తా భార్యమీద, భార్య పిల్లాడిమీద, పిల్లాడు కుక్కపిల్లమీద. ప్రకృతిలో వేడి చల్లనిచోటికి జారుతుంది. మనుషుల్లో ఎదురు చెప్పలేనివాడి దగ్గరికి జారుతుంది. ఎవరి చివర వేడి ఆగిపోతుందో ఆ మనిషికి మనం పెట్టుకున్న పేరు దుత్త.

మా అపార్టుమెంటులో దీనికి కంటికి కనిపించే సాక్ష్యం వుంది. ఐదంతస్తులు, పది వాటాలు. పడమటి వైపు గోడల మధ్య సన్నటి సందు వుంది. ఏసీల బయటి యూనిట్లన్నీ అందులోకే పెట్టారు, వీధివైపు కనిపిస్తే అందం చెడుతుందని. ఆ సందు అడుగున వాచ్‌మన్ కుటుంబం వుండే గది. దానికున్న ఒక్క కిటికీ ఆ సందులోకే. ఏసీ గదిలోంచి ఎంత వేడి లాగుతుందో దానికంటే ఎక్కువే బయటికి వదులుతుంది, తన మోటారు పడ్డ శ్రమ కూడా దానికి కలుస్తుంది కనక. ఆ వేడిగాలి సందులో సుడి తిరిగి కిటికీలోంచి లోపలికి దూరుతుంది. మొన్న వేసవిలో వాచ్‌మన్ భార్య ముగ్గు వేస్తూ, ఫిర్యాదులా కాకుండా, వింతలా చెప్పింది: "అదేటో గానమ్మా, మీ ఇళ్ళు సల్లబడీకొద్దీ మా గది ఎచ్చబడతాదండి. రేతిరి పిల్లలు నిద్దరోరు."

క్లాసియస్ సూత్రం ఇంత సూటిగా నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

మరి మిగిలిన దారి ఏమిటి? మింగితే మనం కాలుతాం, కక్కితే ఎదుటివాళ్ళు కాలుతారు. "మరిచిపో" అంటారు కొందరు. ఇది ఆడవాళ్ళకి దొరికినంత ధారాళంగా మగవాళ్ళకి దొరకని సలహా. "పోనిద్దూ, మనసులో పెట్టుకోకు." మరుపు ఖర్చులేనిదనుకుంటారు. ఇక్కడ కంప్యూటరు శాస్త్రమే ఒక ముచ్చట చెపుతోంది. 1961లో రోల్ఫ్ లాండవర్ అనే ఐబీఎం శాస్త్రవేత్త, ఒక్క అక్షరపు ముక్కంత సమాచారాన్ని చెరిపివేయాలన్నా కొంత వేడి పుట్టి తీరుతుందని లెక్కకట్టాడు. అది అతి స్వల్పం, కానీ సున్నా కాదు. 2012లో ప్రయోగశాలలో కొలిచి నిజమేనని చూపించారు కూడా. అంటే యంత్రానికి సైతం చెరిపేయడం ఉచితం కాదు! మరి నలభై ఏళ్ళ మాటల్ని, అవమానాల్ని, అందరిముందూ పడ్డ చురకల్ని "పోనిద్దూ" అని చెరిపేసుకుంటూ వచ్చిన ఆడదానికి ఎంత వేడి పుట్టి వుంటుంది? క్షమించడం గొప్పదే. అది ఖర్చుతో కూడిన పని అని గుర్తించకుండా క్షమించమనడం మాత్రం, ఎదుటివాళ్ళ పర్సు తీసి దానం చేయడం లాంటిది.

మా ఊళ్ళోనే, సింహాచలం కొండమీద, వేడి గురించి మనవాళ్ళకి ఎంత తెలుసో చూడవచ్చు. వరాహ నరసింహస్వామిది ఉగ్రరూపమనీ, ఆ తాపం చల్లారాలనీ ఏడాది పొడుగునా మూర్తిని చందనంతో కప్పి వుంచుతారు. వైశాఖ శుద్ధ తదియనాడు ఒక్కరోజు ఆ చందనం వలిచి నిజరూప దర్శనం చేయిస్తారు. లక్షల జనం ఎండలో నిలబడతారు. ఆ రాత్రి మళ్ళీ చందనం పూస్తారు. అదీ ఒక్కసారితో సరిపెట్టరు. ఆరోజు మూడు మణుగులు, తర్వాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకి మూడేసి మణుగులు, మొత్తం పన్నెండు మణుగులు. అరగదీసే చేతులు ఎన్నో కావాలి.

కుర్రాడు లేపనం పూస్తున్నప్పుడు నాకు ఇదే గుర్తుకొచ్చింది. రెండు లేపనాల పని వేరు, నిజమే. చందనం చలవ చేస్తుంది, ప్రాసెసరు లేపనం వేడిని దాటిస్తుంది. కానీ రెండిట్లోనూ ఒక నీతి వుంది. చల్లదనం ఒకసారి పూసి మరిచిపోయేది కాదు. కొన్నేళ్ళకి కంప్యూటరు లేపనమూ ఎండి బీటలిస్తుంది, తుడిచి మళ్ళీ పెట్టాలి. ఇంకో సంగతి కూడా వుంది. దేవుడంతటివాడికి ఏడాదికి ఒకరోజు నిజరూపంలో కనిపించే హక్కు ఇచ్చాం. ఆరోజు ఆయన ఉగ్రంగా వున్నాడని ఎవరూ ముఖం తిప్పుకోరు, పైగా బారులు తీరతారు. ఇంట్లో చల్లని తల్లికి అలాంటి రోజు ఏ పంచాంగంలో రాశాం?

ఇంతవరకూ వచ్చాక మావారి ఉద్యోగం సంగతి చెప్పక తప్పదు. ఉక్కు ఫ్యాక్టరీలో బొగ్గుని ఉడికించి కోక్ చేస్తారు. ఓవెన్లోంచి బయటికి వచ్చేటప్పుడు అది వెయ్యి డిగ్రీల వేడితో ఎర్రగా కణకణలాడుతుంటుంది. చాలా ఫ్యాక్టరీల్లో అనాదిగా వస్తున్న పద్ధతి ఏమిటంటే దానిమీద నీళ్ళు కుమ్మరించడం. బుస్సున తెల్లటి ఆవిరి మబ్బులా లేస్తుంది, వేడంతా ఆకాశం పాలవుతుంది, మసి ఊరిమీద పడుతుంది. మా విశాఖ ఉక్కులో మొదటినుంచీ వేరే పద్ధతి పెట్టారు. మూతపెట్టిన గదిలో నైట్రోజన్ వాయువుని కోక్ గుండా తిప్పుతారు. కోక్ చల్లారుతుంది. వేడెక్కిన వాయువు బాయిలరులో నీళ్ళని ఆవిరి చేస్తుంది. ఆ ఆవిరితో కరెంటు తీస్తారు. కోకూ చల్లబడింది, వేడీ వృథా పోలేదు, ఎవరినెత్తినా పడలేదు.

"వేడిని చల్లార్చడం గొప్ప కాదోయ్, దానిచేత చాకిరీ చేయించడం గొప్ప" అని మావారు ఇరవైసార్లు చెప్పి వుంటారు. నేను గిన్నెలు సర్దుకుంటూ విన్నాను. ఇప్పుడు కూర్చుని ఆలోచిస్తే ఆ ఫ్యాక్టరీ పుట్టుకే ఆ మాటకి ఉదాహరణ. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని రాష్ట్రమంతా భగ్గుమంది. ఆ వేడిలో 30 మందికి పైగా ప్రాణాలు పోయాయి. దాన్ని మరిచిపోకూడదు, ఆగ్రహం ఊరికే చల్లారేది కాదు, మనుషుల్ని కాలుస్తుంది. కానీ ఆ ఆగ్రహం బస్సుల అద్దాలతోనే అయిపోలేదు. 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టులో పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. అంటే ఒక కోపం ఫ్యాక్టరీగా మారడానికి అన్నేళ్ళు పట్టిందన్నమాట. అక్కడి మూడు బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. మూడూ ఆడపేర్లే! వేడి భరించే పని వచ్చేసరికి పేరు పెట్టడానికి మనకి ఆడవాళ్ళే గుర్తొస్తారు కాబోలు. అయితే ఒక తేడా వుంది. ఆ ముగ్గురి గోడల్లోనూ చల్లబరచడానికి రాత్రీ పగలూ నీళ్ళు తిప్పుతూనే వుంటారు. ఆ నీళ్ళు ఒక్క క్షణం ఆగినా గగ్గోలు పుడుతుంది. వాళ్ళని ఓర్పుకి వదిలెయ్యరు.

ఇప్పుడు ఈ ప్రశ్న మా ఊరికి ఇంకా పెద్దదిగా రాబోతోంది. 2025 అక్టోబరులో గూగుల్ వాళ్ళు విశాఖలో 1500 కోట్ల డాలర్లతో, ఐదేళ్ళలో, కృత్రిమ మేధకి పెద్ద డేటా కేంద్రం కడతామని ప్రకటించారు. మా చెల్లెలి కొడుకు గదిలో ఒక్క గోరంత ముక్క చేసిన హడావిడి చూశాం. అలాంటివి వేలకి వేలు ఒకచోట చేరితే పుట్టే వేడి గాలిలోకో నీళ్ళలోకో పోవాల్సిందే. ఉద్యోగాలు వస్తాయని పిల్లలు సంబరపడుతున్నారు, నాకూ సంబరమే. కోడలు ఇంటికి వచ్చేటప్పుడు మంచం ఎక్కడ వేస్తాం అని అడిగినట్టే, ఆ వేడి ఎక్కడికి పంపుతారు, దానికి నీళ్ళు ఎవరి కుళాయిలోంచి వస్తాయి అని అడగడం అపశకునం కాదు. ఇల్లు నడిపిన వాళ్ళెవరికైనా మొదట తట్టే ప్రశ్న అదే.

మా పెద్దొదిన సంగతి చెప్పి ముగిస్తాను. ఇంటికి వచ్చాక అన్నయ్య రోజూ సాయంత్రం ఆవిడ పక్కన కూర్చుని, కొడుకు అప్పుల కాగితాలన్నీ ముందేసుకుని, లెక్కలు రాస్తున్నాడు. ఊళ్ళో స్థలం బేరం పెట్టారు. ఇప్పుడు అన్నయ్యకి నిద్ర పట్టడం లేదట, ఆయనకీ రక్తపోటు మాత్ర రాశారు. "చూశావా, అందుకే చెప్పకూడదనుకున్నాను" అని వదిన వాపోయింది. నేను ఒప్పుకోలేదు. వేడి ఇద్దరికీ పంచుకుంది, దిమ్మ వెచ్చబడింది, అది సంసారం సరిగా నడుస్తోందనడానికి గుర్తు. ఒకరు 98లో వుండి ఇంకొకరు చల్లగా వుండడం కంటే ఇద్దరూ 68లో వుండడం నయం. కొడుకు కూడా నెలనెలా వచ్చి తన వాటా కూర్చుని వింటున్నాడు. మేకులు నాలుగూ దిగాలి కదా మరి.

ఇక మా అపార్టుమెంటు మీటింగులో ఏసీ యూనిట్లు మేడమీదకి మార్చాలన్న ప్రతిపాదన వచ్చింది. రాగి గొట్టం పొడుగవుతుంది, ఖర్చు అవుతుంది. "ఇన్నాళ్ళూ లేని ఇబ్బంది ఇప్పుడెందుకొచ్చింది?" అన్నారొకరు. ఇబ్బంది ఇన్నాళ్ళూ వుంది, చెప్పే నోరు కింద గదిలో వుంది. ఇప్పటికి ఆరు మేడమీదకి ఎక్కాయి, మాదీ అందులో వుంది. మేడమీదకి పోయినంత మాత్రాన వేడి మాయమైపోదని నాకు తెలుసు. అది అక్కడినుంచి ఆకాశంలోకి పోతుంది, ఆకాశం కూడా ఎవరిదో ఒకరిదే. అయినా ఈ రాత్రికి ఇద్దరు పిల్లలు నిద్రపోయే చోటునుంచి దాన్ని తప్పించాం. ఇంకా నాలుగు మిగిలాయి. ఆ నాలుగు వాటాల ఆడవాళ్ళనీ ఒకరోజు మధ్యాహ్నం, ఏసీలన్నీ నడుస్తున్నప్పుడు, కింద గదికి మంచినీళ్ళకి పిలవమని వాచ్‌మన్ భార్యకి చెప్పాను.